ఈఎంఐ ఫిల్టరు భాగాలు: అపోహలు - వాస్తవాలు

ఈఎంఐ అంటే కరెంటు యంత్రాలు పుట్టించే విద్యుత్ గరగర, అదే నాయిస్. దాన్ని ఆపేది ఈఎంఐ ఫిల్టరు; అందులో ముఖ్యమైనవి కెపాసిటర్, చోక్ (తీగ చుట్టిన కాయిల్). రాయగడ, గుణుపురం వైపు మోటారు డ్రైవులు, సోలార్ ఇన్వర్టర్లు బాగుచేసే మన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు: "మాస్టారూ, ఫిల్టరు వేశాక రేడియోలో విశాఖ స్టేషను శుభ్రంగా వస్తోంది, షార్ట్‌వేవ్ పెడితే మాత్రం గరగర. కెపాసిటర్ ఇంకా పెద్దది వెయ్యమంటారా?" వద్దు.

అపోహ: కెపాసిటర్ ఎంత పెద్దదైతే నాయిస్ అంత తగ్గుతుంది.

ఒక హద్దు వరకే. 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్‌కి కాళ్లతో కలిపి 20 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉందనుకోండి. 1.1 మెగాహెర్ట్జ్ దగ్గర కెపాసిటెన్స్, ఇండక్టెన్స్ రెండూ రెజొనెన్స్‌లోకి వస్తాయి, అంటే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. అక్కడ ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకి మొత్తం అడ్డు) అట్టడుక్కి దిగి, ఆపైన మళ్లీ పెరుగుతుంది. విశాఖ 927 కిలోహెర్ట్జ్ దీనికి కిందే ఉంది కాబట్టి బతికిపోయింది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి: కెపాసిటెన్స్ రియాక్టెన్స్ (అది పెట్టే అడ్డు) 0.016 ఓములే, కాళ్ల ఇండక్టెన్స్‌ది 1.26 ఓములు. అక్కడ అది కెపాసిటర్ కాదు, చిన్న కాయిల్. 2.2 మైక్రోఫారడ్ వేసినా ఒరిగేదేమీ లేదు, కాళ్లు కత్తిరించండి. కాలు మిల్లీమీటరు తగ్గితే దాదాపు ఒక నానోహెన్రీ పోతుంది.

చోక్‌ది దీనికి తిరగేసిన కథ. 1 మిల్లీహెన్రీ చోక్ చుట్ల మధ్య 20 పికోఫారడ్లు ఉంటే, సరిగ్గా అదే 1.1 మెగాహెర్ట్జ్ దాటాక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది.

అపోహ: ఎల్‌సీఆర్ మీటరు (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచేది) రీడింగ్ ఉంటే మోడల్‌కి, అంటే కంప్యూటర్ లెక్కలో ఆ భాగానికి బదులు పెట్టే సర్క్యూట్‌కి, చాలు.

మామూలు చేతి మీటర్లు 100 కిలోహెర్ట్జ్‌తో ఆగిపోతాయి. కండక్టెడ్ నాయిస్ (తీగల వెంట పాకే నాయిస్) పరీక్ష మొదలయ్యేదే 150 కిలోహెర్ట్జ్ దగ్గర, 30 మెగాహెర్ట్జ్ దాకా సాగుతుంది. ఇంపెడెన్స్ ఎనలైజర్ దొరికితే ముందు ఫిక్స్చర్‌కి (భాగాన్ని పట్టి ఉంచే బిగింపుకి) ఓపెన్, షార్ట్ కాంపెన్సేషన్ చెయ్యండి, అంటే దాన్ని ఖాళీగా ఒకసారి, షార్ట్ చేసి ఒకసారి కొలిచి దాని ప్రభావాన్ని తీసెయ్యండి. లేకపోతే మీరు కొలిచేది ఫిక్స్చర్‌నే. భాగాన్ని బోర్డు మీద ఉండే కాళ్ల పొడవుతోనే పెట్టండి, ఇది మాత్రం పట్టుబట్టి చెబుతాను. నానోవీఎన్‌ఏ లాంటి చవక పరికరమే ఉంటే, కెపాసిటర్‌ని రెండు పోర్టులు కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి కట్టి ఎస్21 (మొదటి పోర్టు నుంచి రెండోదానికి దాటే సిగ్నల్) కొలవండి. ఒక్క పోర్టుతో రిఫ్లెక్షన్ చూస్తే 50 ఓముల పక్కన మిల్లీఓములు తేలవు.

అపోహ: చోక్ విలువ లోడు మీద మారదు.

మారుతుంది. కరెంటు పెరిగితే కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇక అయస్కాంత ఫ్లక్స్‌ని పెద్దగా మొయ్యలేదు, ఇండక్టెన్స్ పడిపోతుంది. కామన్‌మోడ్ చోక్‌లో (రెండు తీగల్నీ ఒకే కోర్ మీద చుట్టినది) లోడు కరెంటు ఫ్లక్స్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా లీకేజీ ఫ్లక్స్ కొంత మిగులుతుంది.

అపోహ: ప్రతి భాగానికి సరైన మోడల్ ఉంటే సిమ్యులేషన్ నిజమవుతుంది.

పక్కపక్కనే నిలబెట్టిన రెండు కెపాసిటర్ల మధ్య అయస్కాంత కప్లింగ్ ఉంటుంది, నాయిస్ చోక్‌ని తప్పించుకుని ఆ కప్లింగ్ గుండా దూకేస్తుంది. స్పైస్‌లో (సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాము) ఆ రెండు కెపాసిటర్ల చిన్న ఇండక్టెన్స్‌ల మధ్య కప్లింగ్ కూడా రాయండి. బోర్డు మీద ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది.