వంటసోడా నురగ, ఫ్రిజ్‌లో అన్నం: ఇంటి పొదుపు మీద అపోహలు - వాస్తవాలు

నంద్యాల చుట్టుపక్కల పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఫినాయిల్, గిన్నెలు తోమే లిక్విడ్, పొడులు, పచ్చళ్లు చేయడం నేర్పడం నా పని. పద్దెనిమిదేళ్లుగా ఇదే. ఏ ఊర్లో క్లాసు పెట్టినా మొదటిరోజు ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. సింకులో వంటసోడా చల్లి, మీద వెనిగర్ పోస్తారు. బుసబుసమని నురగ పొంగుతుంది. "ఇది నేర్పించండి మేడం, లిక్విడ్ ఖర్చు మిగులుతుంది" అంటారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సోడా, వెనిగర్ కలిపితే జిడ్డంతా వదిలిపోతుంది

వెనిగర్ ఆమ్లం. సోడా క్షారం. కలవగానే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ పొంగేది ఉత్త కార్బన్ డయాక్సైడ్, సోడా బుడ్డి కొట్టినప్పుడు వచ్చే గ్యాసే. అది పోయాక సింకులో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఒక లవణం కలిసిన నీళ్లు. దానికి జిడ్డు వదిలించే గుణం దాదాపు లేదు. రెండు వస్తువులకూ డబ్బు పెట్టి, రెండింటి పనితనాన్నీ మీ చేత్తో మీరే పోగొట్టుకున్నారు.

విడివిడిగా వాడితే రెండూ మంచివే. తడి గుడ్డ మీద చిటికెడు వంటసోడా వేసి రుద్దితే టీ కప్పుల్లోని గోధుమరంగు మరక పోతుంది. జిడ్డు బాగా ఉంటే వేడినీళ్లలో బట్టల సోడా ఇంకా గట్టిగా పనిచేస్తుంది. అయితే చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, అల్యూమినియం గిన్నెలకు దాన్ని తాకించకూడదు, నల్లబడతాయి. బోరు నీళ్ల వల్ల కుళాయిలకు, బకెట్లకు పట్టే తెల్లటి పొర ఉంది చూశారా, దానికి మాత్రం ఆమ్లమే కావాలి. అక్కడ సోడా, సబ్బు ఎంత రుద్దినా దండగ. ఆ పనికి వెనిగర్ సీసా కొననక్కర్లేదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, దొరుకుతుంది. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపితే వెనిగర్‌కు దీటుగా ఉంటుంది. గుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తే పొర మెత్తబడి రాలిపోతుంది.

అపోహ: నిమ్మకాయ, చింతపండు ప్రకృతి ఇచ్చినవి, వాటితో దేనికీ హాని ఉండదు

ఈ మాట మా జిల్లాలో చాలా ఇళ్ల నేలలను పాడుచేసింది. మా వైపు ఇళ్లలో వేసేది ఎక్కువగా బేతంచెర్ల బండలు. కడప బండలు, తాండూరు, షాబాదు రాళ్లు అన్నీ ఆ జాతివే. ఇవన్నీ నాపరాళ్లు, అంటే సున్నపురాయి. పాలరాయి కూడా ఆ కుటుంబమే. సున్నపురాయి మీద ఏ ఆమ్లం పడ్డా కొద్దికొద్దిగా కరిగిపోతుంది.

నేను క్లాసుకు వెళ్లేటప్పుడు సంచిలో అరచెయ్యంత బేతంచెర్ల బండ ముక్క ఒకటి తీసుకెళ్తాను. పాలిష్ చేసిన ముక్క, ముఖం కనిపించేంత నున్నగా ఉంటుంది. దానిమీద నిమ్మచెక్క పిండి అందరినీ దగ్గరికి పిలుస్తాను. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, అంచుల్లో చిన్నచిన్న బుడగలు లేస్తాయి. పది నిమిషాలయ్యాక తుడిస్తే ఆ చుక్క పడ్డ మేర మసకబారి ఉంటుంది. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. ఆ మెరుపు మళ్లీ రావాలంటే పాలిష్ మిషనే పెట్టాలి, అడుగుకింత అని లెక్కగట్టి తీసుకుంటారు. పది రూపాయల లిక్విడ్ మిగుల్చుకోబోయి వేలల్లో వదిలించుకోవడమంటే ఇదే. నాపరాళ్లకు, పాలరాయికి మామూలు సబ్బునీళ్లు చాలు. గ్రానైట్ వేరే రాయి, అది ఇంత తేలిగ్గా లొంగదు.

అదే చింతపండు రాగి చెంబుకు, ఇత్తడి దీపపు కుందులకు మాత్రం అమృతం. నల్లగా పట్టిన పొరను దాని ఆమ్లం కరిగిస్తుంది. మా అవ్వ పులుసు తీసేసిన చింతపండు పిప్పిలో గళ్లుప్పు వేసి తోమేది. ఇప్పటికీ నేను అలాగే తోముతాను. పైసా ఖర్చు లేదు.

అపోహ: రెండు మందులు కలిపితే రెట్టింపు పవర్

దీని దగ్గర మాత్రం నేను నవ్వుతూ చెప్పను. బాత్రూంలో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దానిమీద టాయిలెట్ క్లీనరో, యాసిడో పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఒక హాస్టల్లో బాత్రూములు కడిగే ఆమె నా క్లాసుకు వచ్చింది. తలుపు వేసుకుని అలా చేస్తే గొంతు పట్టేసి, కళ్లు మండి, గోడ పట్టుకుని బయటపడిందట. "వాసన బాగా వచ్చింది కాబట్టి బాగా పనిచేస్తోంది అనుకున్నాను మేడం" అంది. వెనిగర్, నిమ్మ ఉప్పు, ఇంట్లో తొక్కలు పులియబెట్టి చేసుకునే బయో ఎంజైమ్ కూడా ఆమ్లాలే. వాటినీ బ్లీచింగ్‌తో కలపకూడదు. పొరపాటున కలిస్తే ఇంకేదీ పోయకుండా ముందు బయటికి రావాలి, తలుపులు తెరిచి పెట్టాలి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి.

బ్లీచింగ్ ఒక్కటే వాడితే దానంత చవకైన క్రిమిసంహారిణి లేదు. ముందు సబ్బుతో మురికి కడిగేయాలి, ఎందుకంటే మురికి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. తరవాత లీటరు నీళ్లకు 3 గ్రాముల పౌడర్, అంటే ముప్పావు చెంచా లోపే. ఏ రోజుది ఆ రోజే కలపాలి. నిల్వ ఉంచితే పస పోతుంది.

ఇంకో మాట. ఫినాయిల్, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టే అలవాటు మానండి. పిల్లలకు అది కూల్‌డ్రింకే.

అపోహ: బయో ఎంజైమ్ అన్ని క్రిములనూ చంపుతుంది

ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు బత్తాయి లేదా నిమ్మ తొక్కలు, పది పాళ్లు నీళ్లు. మూడు నెలలు పులియబెడితే తయారయ్యేది వెనిగర్‌కు చుట్టం. థాయ్‌లాండ్ నుంచి మన దాకా వచ్చిన పద్ధతి ఇది. జ్యూస్ బండి దగ్గర తొక్కలు ఊరికే ఇస్తారు, ఖర్చల్లా బెల్లానిదే. టైల్స్ తుడవడానికి, బాత్రూం వాసన పోవడానికి, కుళాయిల పొరకు పనికొస్తుంది. క్రిములన్నీ చస్తాయని మాత్రం నమ్మొద్దు. ఇంట్లో వాంతులు, విరేచనాలు అయిన మనిషి ఉన్నప్పుడు బాత్రూంకు ఇది చాలదు, బ్లీచింగే కావాలి. నాపరాళ్ల మీద పోయకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మొదటి నెలంతా రోజూ మూత తిప్పి గ్యాస్ వదలాలి. ఈ మాట పాతికసార్లు పాఠం చెప్పిన నేనే ఒక ఎండాకాలం పెళ్లికి పోయి నాలుగు రోజులు మర్చిపోయాను. తిరిగి వచ్చేసరికి సామాన్ల గది పైకప్పుకు బత్తాయి తొక్కలు అతుక్కుని ఉన్నాయి. ప్లాస్టిక్ బాటిల్ కాబట్టి సరిపోయింది, గాజు సీసా అయితే ఏమయ్యేదో.

అపోహ: లిక్విడ్ చిక్కగా ఉంటే మంచిది

మా వృత్తి రహస్యం ఒకటి చెప్పేస్తున్నాను. గిన్నెల లిక్విడ్‌ను చిక్కబరిచేది ఉప్పు. మామూలు వంట ఉప్పే. నీళ్లలా ఉన్నదాంట్లో కొంచెం కొంచెంగా ఉప్పునీళ్లు కలుపుతుంటే తేనెలా అవుతుంది. ఆశకుపోయి ఇంకా వేస్తే మళ్లీ నీళ్లలా పలచబడుతుంది. క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు అక్కడ బోల్తా పడతారు. చిక్కదనానికీ, జిడ్డు వదిలించే సరుకు ఎంత ఉందనేదానికీ సంబంధం లేదు. ఫినాయిల్‌లో తెలుపు కూడా అంతే. నీళ్లు కలిపి ఫినాయిల్ చేసే కాన్సంట్రేట్‌లో చెప్పినదానికి రెట్టింపు నీళ్లు పోసినా పాలలాగే కనిపిస్తుంది, కానీ క్రిములకు దాని లెక్క ఉండదు. ఇంట్లో పొదుపు కావాలంటే స్క్రబ్బర్ మీద నేరుగా పిండకండి. చిన్న గిన్నెలో ఒక చెంచా లిక్విడ్, కాసిన్ని నీళ్లు కలిపి ముంచి తోమండి. ఒక్క ఈ పనితోనే మా ఇంట్లో నెల బాటిల్ రెండు నెలలు వస్తోంది.

కుంకుడుకాయ రసం గురించి అందరూ అడుగుతారు. పట్టుచీరలకు, నగలకు దానికి తిరుగులేదు. బోరు ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, కుంకుడు రసం కట్టదు. కాకపోతే రెండు మూడు రోజులకే కంపు కొడుతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు నానబెట్టుకోవాలి.

రెండోరోజు క్లాసు వంటింట్లో.

అపోహ: వారానికి సరిపడా ఒకేసారి వండిపెట్టుకుంటే డబ్బు మిగులుతుంది

ఆదివారం ఐదు కూరలు వండి డబ్బాల్లో సర్దితే గురువారానికి ఎవరూ ముట్టరు. పారబోసిన కూరతో పాటు గ్యాస్, నూనె, మీ ఆదివారం కూడా పోయినట్టే. వండిన కూర ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు కూడా. ముందే చేసి పెట్టుకోవలసింది కూర కాదు, కూరకు ముందు పని. మన ఇళ్లలో ఇదెప్పుడూ ఉన్నదే. నూనెలో మగ్గిన పులిహోర పులుసు, పుట్నాల పొడి, కందిపొడి, వడియాలు, ఒరుగులు అవే కదా. బొరుగులు, పుట్నాల పొడి ఇంట్లో ఉంటే పొద్దున పావుగంటలో ఉగ్గాని అయిపోతుంది.

నిజంగా డబ్బు కనబడేది ఇడ్లీ పిండిలో. మొన్న క్లాసులో లెక్క వేశాం. పావు కిలో మినప్పప్పు, అర కిలో ఇడ్లీ రవ్వ కలిపి 60 రూపాయల లోపు పడ్డాయి. రుబ్బితే కిలోన్నర దాటి పిండి వచ్చింది. అంటే కిలో 35-40 రూపాయలు. ప్యాకెట్ పిండి అందులో దాదాపు రెట్టింపు. పులిసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, ఏ పూటకు కావలసింది ఆ పూట తీసుకుంటే నాలుగు రోజులు హాయిగా వస్తుంది. మొదటి రెండు రోజులు ఇడ్లీ, తరవాత దోసె, పులుపెక్కాక పునుగులు. పైన నల్లటి, గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే మాత్రం గిన్నె మొత్తం పారేయాలి, పైపైన తీసేసి వాడకూడదు.

పొడుల్లో ఒక హెచ్చరిక. చెనిగింజల (వేరుశనగ) పొడి కందిపొడిలా నెలలు ఆగదు, నూనె ఎక్కువ కాబట్టి కారువాసన వస్తుంది. పదిహేను రోజులకు సరిపడా చేసుకోండి. బూజు పట్టిన గింజలు, నల్లబడి ముడుచుకున్న గింజలు చవగ్గా ఇస్తున్నారని కొనొద్దు. ఆ బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

అపోహ: వేడివేడిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రాత్రంతా బయట చల్లారాలి

పొయ్యి మీద నుంచి దించిన కుక్కర్‌ను అలాగే ఫ్రిజ్‌లోకి తోయమని నేను అనడం లేదు. కానీ 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు త్వరగా పెరుగుతాయి. మన ఎండాకాలంలో వంటింటి గట్టు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే అరగంటలో పొగ పోతుంది. రెండు గంటల లోపు, ఎండలు మండేటప్పుడు గంట లోపే ఫ్రిజ్‌లోకి పోవాలి.

అపోహ: బాగా మరిగిస్తే ఏదైనా తినొచ్చు

ముఖ్యంగా అన్నం విషయంలో ఇది తప్పు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి గింజలాంటి రూపంలో నిద్రపోతూ ఉంటుంది, ఉడికినా చావదు. అన్నం గంటల తరబడి బయట ఉంటే లేచి పెరిగి ఒక విషం వదులుతుంది. మళ్లీ వేడిచేస్తే క్రిమి చస్తుందేమో కానీ ఆ విషం పోదు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున ఫ్రైడ్ రైస్ చేసి పిల్లల బాక్సులో పెట్టి, బడి నుంచి వాంతులని ఫోన్ వచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

"మరి మన పెద్దోళ్లు చద్దన్నం తినలేదా?" అని వెంటనే అడుగుతారు. తిన్నారు. వాళ్లు నీళ్లో, మజ్జిగో పోసి పులియబెట్టారు. పులుపు పెరిగేకొద్దీ చెడ్డ క్రిములకు పెరిగే వీలు తగ్గుతుంది. పులిహోర ప్రయాణాలకు ఆగేది కూడా చింతపండు పులుపు వల్లే. ఊరికే మూతపెట్టి గట్టు మీద వదిలేసిన అన్నానికి ఆ రక్షణ లేదు.

అపోహ: అల్లంవెల్లుల్లి ముద్ద మీద నూనె పోస్తే బయటే ఆగుతుంది

ఆవకాయను చూసి వచ్చిన ఆలోచన ఇది. ఆవకాయలో పులుపు, బోలెడు ఉప్పు ఉన్నాయి. వెల్లుల్లి ముద్దలో పులుపు లేదు, పైన నూనె గాలిని ఆపేస్తుంది. గాలి, పులుపు లేని చోటే క్లోస్ట్రిడియం బోటులినం అనే ప్రమాదకరమైన క్రిమి పెరుగుతుంది. వాసన కూడా రాకపోవచ్చు. అందుకే ముద్దను ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ముక్కలు డబ్బాలో వేసుకోండి. కూరకో ముక్క. ముద్ద ఆకుపచ్చగానో నీలంగానో మారితే కంగారు పడి పారేయకండి, అది వెల్లుల్లిలోని గంధకం వల్ల వచ్చే రంగు, చెడిపోవడం కాదు.

అపోహ: ఫ్రీజర్‌లో క్రిములు చచ్చిపోతాయి

చావవు, ఆగుతాయంతే. కరిగితే మళ్లీ మొదలు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే కరెంటు లేకున్నా రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు చల్లదనం నిలుస్తుంది. కింద ఫ్రిజ్ అర దగ్గర మాత్రం నాలుగు గంటలే లెక్క. ఊరికి పోయినప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో ఎలా తెలుస్తుందని అడుగుతారు. గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దానిమీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలి వెళ్లండి. వచ్చాక చూస్తే బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగున గడ్డకట్టి కనిపించిందంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. ఆ డబ్బాల్లో కూరలు మూత తీసి వాసన కూడా చూడకుండా పారేయండి.