అనాసపండు పెట్టిన చేదు

డాలస్ నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. ఆదివారం రాత్రి ఆవిడ అన్నానికి బదులు పెద్ద గిన్నెడు సలాడ్ చేశారట. ఉడికించి చీరిన చికెన్ బ్రెస్ట్, అప్పుడే కోసిన పైనాపిల్, చెడ్డార్ చీజ్ ముక్కలు, లెట్యూస్, గుప్పెడు వాల్‌నట్స్. కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు, బ్రహ్మాండంగా ఉంది. మిగిలింది డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం ఆఫీసులో మూత తీస్తే చికెన్ గుజ్జుగుజ్జుగా, నాలుక మీద పిండిలా ఉంది. చీజ్ చేదు. "చికెన్ పాడైపోయిందా? వాసనైతే ఏమీ రాలేదు. మా అత్తయ్యగారు మాత్రం పళ్లూ పాలూ మాంసమూ కలిపితే ఇంతే, అది విరుద్ధాహారం అంటున్నారు" అని రాశారు.

సలాడ్ ఒంటికి ఎంత మంచిదో, అందులో ఎన్ని కేలరీలో చెప్పే వ్యాసాలు బోలెడున్నాయి. వాటి జోలికి నేను పోను. నన్ను పట్టుకున్నది ఆ చేదు. ఒక్క రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న చికెన్ పాడవడం కాదిది. ఆవిడ పొట్టలో జరగాల్సిన అరుగుదల డబ్బాలోనే మొదలైపోయింది. అరిగించింది పైనాపిల్.

ప్రొటీన్‌ని ఒక పూలదండ అనుకోండి. (మేం తెలుగు మీడియంలో మాంసకృత్తులు అని చదువుకున్నాం. ఆ పేరు పుణ్యమా అని, కందిపప్పులో కూడా అవి ఉంటాయంటే నమ్మని పిల్లల్ని క్లాసులో చాలామందిని చూశాను.) దండలో పూలు అమైనో ఆమ్లాలు, మొత్తం 20 రకాలు. మల్లె, కనకాంబరం, చామంతి, మధ్యలో మరువం, ఇలా. ఏ పువ్వు తర్వాత ఏది రావాలో ఒక్కో దండకి ఒక్కో లెక్క. పువ్వుకీ పువ్వుకీ మధ్య వేసిన ముడి పెప్టైడ్ బంధం. ఈ ముడి చాలా గట్టిది. వంటింట్లో మనం ఉడికించినా వేయించినా దాదాపు ఊడదు. గుడ్డు ఉడికి గట్టిపడినప్పుడు కూడా దండలు తెగవు. అంతవరకూ ఉండలా చుట్టుకుని ఉన్న దండలు విచ్చుకుని, పక్కవాటితో చిక్కుపడిపోతాయి, అంతే.

ముడి తెగాలంటే కత్తెర కావాలి. ప్రొటీన్లను కోసే ఎంజైములన్నీ అలాంటి కత్తెరలే. పైనాపిల్ కత్తెర పేరు బ్రొమెలైన్. 1891లో విసెంతె మార్కానో అనే వెనెజులా రసాయన శాస్త్రవేత్త దీన్ని పైనాపిల్ రసంలో గుర్తించాడు. బొప్పాయి పాలలో ఉన్నది పపైన్, అంజూర పాలలో ఉన్నది ఫిసిన్, కివీలో ఆక్టినిడిన్, అల్లంలో జింజిబైన్. అన్నీ ఒకే కుటుంబం, ఒకే రకం పనితనం. పురుగులు ఆకునో కాయనో కొరికితే వాటి పొట్టని పాడుచేయడానికి మొక్క దాచుకున్న ఆయుధాలివి. మనం వాటిని ఫ్రూట్ సలాడ్‌లో వేసుకుంటున్నాం.

వచ్చే పేరా కాస్త ముదురు, ఓపిక పట్టండి. కత్తెర కూడా ఒక దండే. పపైన్‌లో 212 పూలుంటాయి. అందులో 25వది సిస్టీన్, 159వది హిస్టిడిన్. దారం వెంట చూస్తే ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. కానీ దండ తన పద్ధతిలో చుట్టుకున్నాక ఈ రెండూ ఎదురెదురుగా వచ్చి కూర్చుంటాయి. సిస్టీన్‌లో ఒక గంధకం పరమాణువు, దానికి వేలాడుతూ ఒక హైడ్రోజన్ ఉంటుంది. పక్కనున్న హిస్టిడిన్ ఆ హైడ్రోజన్‌ని లాక్కుంటుంది. ఎలక్ట్రాన్లతో నిండి, ఎవరో ఒకరిమీద పడదామన్నట్టున్న ఆ గంధకం, పెప్టైడ్ ముడిలో ఎలక్ట్రాన్లకు కరువుగా ఉన్న కార్బన్ మీద పడుతుంది. ముడి తెగి దండలో ఒక సగం జారిపోతుంది. రెండో సగం మాత్రం గంధకానికే అంటుకుని వేలాడుతుంది. అప్పుడొక నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. కత్తెర చెక్కుచెదరలేదు, మళ్లీ సిద్ధం. బ్రొమెలైన్‌లోనూ ఇదే ఏర్పాటు. ఒక్క కత్తెర ఎన్ని ముడులైనా కోసుకుంటూ పోతుంది, అందుకే రసం నాలుగు చుక్కలైనా చాలు.

"ఎంజైములు జీవ ఉత్ప్రేరకాలు" అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళంకప్ప (ఎంజైము), తాళంచెవి (అది పట్టుకునే పదార్థం) పోలికని నేనూ ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. కానీ ఆ చెవి తిప్పితే ఏ తలుపు తెరుచుకుంటుందో అడిగిన పిల్లాడు లేడు, చెప్పాలని నాకూ తోచలేదు. తరగతిలోకి ఒక అనాసపండు పట్టుకెళ్తే సరిపోయేది.

ఇప్పుడు చీజ్ సంగతి. ఇందులో ఒక తమాషా ఉంది: చీజ్ పుట్టేదే కత్తెరతో.

పాలలో కేసీన్ ప్రొటీన్లు గుంపుగా చేరి బంతులుగా తేలుతుంటాయి. ఒక్కో బంతి మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా కాస్త పెద్దది. బంతి పైన జడకుచ్చుల్లాగా కప్పా కేసీన్ తోకలు వేలాడుతుంటాయి. ఆ కుచ్చుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి బంతులు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. పాలు పాలుగా ఉన్నాయంటే ఆ కుచ్చుల దయే. లేగదూడ పొట్టలో కైమోసిన్ అనే కత్తెర ఉంటుంది. 169 పూలున్న కప్పా కేసీన్ దండలో సరిగ్గా 105వ పువ్వుకీ 106వ పువ్వుకీ మధ్య, ఫినైల్ అలనీన్ పక్కన మిథియోనిన్ ఉన్న చోట, అది ఒక్క కోత కోస్తుంది. మిగతా ముడుల్ని అప్పటికి పెద్దగా పట్టించుకోదు. కుచ్చు రాలిపోతుంది, బోడిబంతులు కాల్షియం సాయంతో ఒకదానికొకటి అంటుకుంటాయి, పాలు పేరుకుంటాయి. చెడ్డార్ అలా మొదలవుతుంది. ఇప్పుడు దూడల జోలికి వెళ్లక్కర్లేదు. కైమోసిన్ జన్యువుని సూక్ష్మజీవుల్లో పెట్టి తయారుచేసిన ఎంజైముని అమెరికా 1990లోనే ఆహారంలో వాడటానికి అనుమతించింది.

మన పనీర్‌లో కత్తెర లేదు. నిమ్మరసం పిండితే కుచ్చుల మీది ఆవేశం పోతుంది, పాలు విరుగుతాయి. జున్ను కథ ఇంకా వేరు: ఈనిన కొత్తలో ఇచ్చే పాలలో ఇమ్యునోగ్లోబులిన్ల వంటి ప్రొటీన్లు విపరీతంగా ఉండి, ఆవిరి తగిలితే గుడ్డులా గడ్డకడతాయి. చీజ్‌ని "జున్ను" అని అనువదించే పత్రికల మీద నాకు పాత కోపం ఒకటుంది. బెల్లం, మిరియాలు వేసి వండిన జున్ను ఒక్క ముక్క తిన్నవాళ్లెవరూ ఆ పని చేయరు.

ఒక చోట ఒక్క కోత పడితే చీజ్. మరి చేదెక్కడిది? బ్రొమెలైన్‌కి కైమోసిన్‌కి ఉన్న నిగ్రహం లేదు. మరువం పక్కనా కోస్తుంది, చామంతి పక్కనా కోస్తుంది. కేసీన్ దండలో నీళ్లంటే గిట్టని పూలు చాలా ఎక్కువ. కేసీన్‌లో ఒక రకమైన బీటా కేసీన్‌లో ఉన్న 209 పూలలో 35 ప్రోలీన్ అనే అలాంటి పూలే. దండలు చుట్టుకుని ఉన్నంతవరకూ నీళ్లు గిట్టనివి లోపలికి నక్కి ఉంటాయి, నాలుకకి తగలవు. కత్తెర పడి ఐదారు పూల తునకలైతే దాక్కునే చోటుండదు. లూసీన్, ఫినైల్ అలనీన్, ప్రోలీన్ బయటపడి నాలుక మీది చేదు గ్రాహకాలకు అతుక్కుంటాయి. మనకి చేదు పసిగట్టే గ్రాహకాలే 25 రకాల దాకా ఉన్నాయి. తీపికి అన్ని లేవు, చేదు దగ్గర ఒళ్లు ఇంత జాగ్రత్త పడుతుంది. చీజ్ నిల్వ చేసే కొద్దీ ఒక్కోసారి చేదెక్కుతుంది కదా, అక్కడా ఇదే గొడవ, కాకపోతే నెలల మీద. పైనాపిల్ ఆ పనిని ఒక్క రాత్రిలో చేసేసింది.

చికెన్‌లో చేదు అంతగా తెలియదు, నార తెగి గుజ్జవుతుంది. ఉడికిన కండలో దండలు అప్పటికే విచ్చుకుని ఉంటాయి కాబట్టి కత్తెరకి ముడులు సులువుగా దొరుకుతాయి. పాఠకురాలు చికెన్‌ని చేత్తో సన్నగా చీరారు, అంటే రసం తగిలే చోటు ఎన్నో రెట్లు పెంచారు. అదీకాక పైనాపిల్ రసం బాగా పులుపు, ఆ పులుపులో బ్రొమెలైన్ కాస్త మందకొడి. చికెన్‌కి అంటాక పులుపు తగ్గుతుంది, కత్తెరకి ఊపొస్తుంది. ఫ్రిజ్ చలి దాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. పైనాపిల్‌ని గడ్డకట్టించి తీసినా కత్తెర పోదు.

ఇదంతా మన వంటిళ్లకి కొత్తేం కాదు, పేరు తెలియదంతే. కచ్చీ బిర్యానీకి మటన్ నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది పపైన్ కోసమే. పపైన్ మొండిది, 60, 65 డిగ్రీల దగ్గర ఇంకా హుషారుగా కోస్తుంది, అందుకే హండీ వేడెక్కే ఆ కాసేపట్లోనే ఎక్కువ పని అయిపోతుంది. మాగిన బొప్పాయిలో ఆ పాలు పెద్దగా ఉండవు. అల్లం టీకి పాలు విరిగిపోవడం ఎరగని ఇల్లుందా? పచ్చి పాలలో అల్లం దంచి వేసి స్టవ్ మీద పెడితే, పాలు మెల్లగా వేడెక్కే లోపు జింజిబైన్ కుచ్చులు కోసేస్తుంది. అదే ముందు నీళ్లలో అల్లం మరిగించి తర్వాత పాలు పోస్తే విరగవు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వాళ్లు దీన్నే వంట చేసుకున్నారు: అల్లం రసం మీద వేడి పాలు పోసి కదపకుండా ఉంచితే గడ్డపెరుగులా పేరుకుంటుంది, చెంచాతో తింటారు. మనం పారబోసి ఇంకో పాకెట్ చింపుతాం.

అత్తయ్యగారి మాటకొస్తే, ఆవిడ చూసింది తప్పు కాదు, పెట్టిన పేరే తప్పు. పాలలో తాజా పైనాపిల్ వేస్తే ఏమవుతుందో ఎవరో ఎప్పుడో చూసే ఉంటారు. అక్కడి నుంచి పాలూ మాంసమూ పళ్లూ అన్నీ శత్రువులే అనే దాకా వెళ్లడం వేరే సంగతి. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని మా అమ్మమ్మ కూడా అనేది. అదే అమ్మమ్మ కోడికూరలో పెరుగు పోసి వండేది. ఆ పెరుగు ఏ పాలలోంచి వచ్చిందో అడిగే ధైర్యం మాకుండేది కాదు.

తాజా పైనాపిల్ తింటే నాలుక చురచురలాడేది కూడా కొంత ఈ కత్తెర వల్లే. పండులో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదుల్లా ఉంటుంది, అవి గుచ్చిన చోట బ్రొమెలైన్ పని పట్టుకుంటుంది. సింహాచలం కొండ దగ్గర కోసిచ్చే అనాస చక్రాలు రెండు ఎక్కువ తింటే మర్నాడు కాఫీ కూడా మండుతుంది. నాలుక తొందరగా కోలుకుంటుంది, కడుపులోని ఆమ్లం కత్తెరని చాలావరకు నాశనం చేస్తుంది, లేకపోతే ఎవరు ఎవర్ని తింటున్నారో తేలేది కాదు. అనాస అనే మాట కూడా బ్రెజిల్ ఆదివాసుల టుపీ భాషలోని పేరే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో పండుతో పాటు మన దాకా వచ్చింది.

మరి సలాడ్ మానేయాలా? అక్కర్లేదు. కత్తెర మర ఊడదీస్తే చాలు. 80 డిగ్రీలు దాటి కొన్ని నిమిషాలుంటే బ్రొమెలైన్ చుట్ట విడిపోతుంది. గంధకం ఒక దిక్కు, హిస్టిడిన్ ఒక దిక్కు. రెండు రెక్కలూ ఉన్నాయి, కోయలేవు. డబ్బా పైనాపిల్‌తో చేసిన రాయితా చేదెక్కకపోవడానికి, తాజా పండుతో చేస్తే గంటలో చేదెక్కడానికి ఇదే తేడా. డబ్బాలో నింపేటప్పుడు వేడి తగిలింది. పైనాపిల్‌తో జెలటిన్ జెల్లీ కుదరకపోవడమూ ఇదే, జెలటిన్ దండలే కాబట్టి. చైనా గ్రాస్‌తో కుదురుతుంది, అది ప్రొటీన్ కాదు, పిండిపదార్థాల జాతి, కోయడానికి పూలే లేవు.

కాబట్టి చక్రాలుగా కోసిన పైనాపిల్‌ని వేడి పెనం మీద రెండు వైపులా కాల్చండి. అంచులు గోధుమరంగు తిరిగి, నడిమి దాకా పొగలు రావాలి, పైపైన మాడితే చాలదు. నడిబొడ్డు ఊచని తీసేయండి, కత్తెరలు అక్కడ ఎక్కువ. చికెన్‌ని లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి, చల్లారాక వేలెడు మందాన ముక్కలు కోయండి, చీరకండి. నూనె, నిమ్మరసం, ఉప్పు, చెంచాడు ఆవపిండి గిలక్కొట్టి ఆకుల మీద పోయండి. చీజ్, వాల్‌నట్స్ పైన. వంద గ్రాముల ఉడికిన చికెన్ బ్రెస్ట్‌లో దాదాపు 30 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పూట గడుస్తుంది. ఆపిల్, ద్రాక్ష, దానిమ్మ వేస్తే ఈ బెడదే లేదు.

నమ్మకం కుదరక నేను మూడు గిన్నెల్లో పనీర్ ముక్కలు పెట్టి చూశాను. ఒకదాంట్లో పచ్చి పైనాపిల్, ఒకదాంట్లో కాల్చింది, ఒకదాంట్లో ద్రాక్ష. రెండు గంటలకి మొదటి గిన్నెలో పనీర్ అంచులు మొద్దుబారి, వేలితో రాస్తే వెన్నలా సాగి, వేలి మీద నురగలాంటి పూత మిగిలింది. పొద్దున్నకి కాకరకాయ. మిగతా రెండూ పదునుగా, ఎలా కోశానో అలాగే ఉన్నాయి. అవి మా ఆవిడ టిఫిన్‌లోకి తినేసింది. మొదటి గిన్నె మాత్రం నా ముందుకు జరిపి, ప్రయోగం ఎవరిదైతే తిండీ వాళ్లదే అంది.