వైద్య విద్యలోకి కథ ఎలా వచ్చింది?

హైదరాబాద్‌లో ఆధునిక వైద్య విద్య 1846లో, నిజాం పాలనలో, ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం ఆ పాఠశాలే. బోధన తరువాత ఇంగ్లీషులోకి మారింది. రోగులు మాత్రం నేటికీ తెలుగులో, దక్కనీ ఉర్దూలోనే తమ బాధ చెప్పుకుంటున్నారు.

అమెరికాలో వైద్య కళాశాలల తీరును పరిశీలించిన 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక ప్రయోగశాల శాస్త్రాన్ని వైద్య విద్యకు పునాదిగా నిలబెట్టింది. దానివల్ల నిలిచిన ప్రాణాలు ఎన్నో. కానీ రోగి మాట వెనక్కి పోయింది. ఆ లోటు తీర్చేందుకు పెన్సిల్వేనియాలోని హెర్షీ వైద్య కళాశాల 1967లో సాహిత్యం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలకు ప్రత్యేక విభాగం తెరిచింది. 2000లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ రీటా చారన్, కథలు చదవడం, రాయడం ద్వారా రోగిని వినే పద్ధతిని బోధనాంశంగా మలిచారు. వైద్య విద్యార్థుల్లో సహానుభూతి మూడో ఏట, సరిగ్గా రోగుల మధ్యకు వెళ్లే సమయంలోనే తగ్గుతోందని 2009లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు చూపారు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ విషయమే.

మన దేశంలో వైద్య నీతి చాలాకాలం ఫోరెన్సిక్ మెడిసిన్‌లో, చట్టాల పక్కన ఒక అధ్యాయంగా ఉండిపోయింది. భారత వైద్య మండలి 2018లో వైఖరి, నీతి, సంభాషణలపై 27 మాడ్యూళ్లతో ‘ఎట్‌కామ్’ పుస్తకం వెలువరించింది. 2019లో చేరిన విద్యార్థుల నుంచి అది ఎంబీబీఎస్‌లో భాగమైంది. రోగిగా ఉండటమంటే ఏమిటన్న ప్రశ్నతో, మృతదేహమే తొలి గురువన్న పాఠంతో మొదటి సంవత్సరం నుంచే అది నడుస్తుంది.

ఎట్‌కామ్ తరగతుల్లో చర్చకు పెట్టే కథలు ఎవరివన్నదే ఇప్పుడు తేలవలసిన సంగతి. నల్లగొండ నుంచి సర్కారు దవాఖానకు వచ్చిన ఒక తల్లి, ‘పత్తి ఏరుడు అయ్యేదాంక ఆగిన సారూ, ఇప్పుడు మెట్లెక్కితే దమ్మొస్తుంది’ అన్నదనుకుందాం. కేస్ షీట్‌లో అది ‘ఆయాసం, రెండు నెలలు’గా మిగులుతుంది. ఆమె ఎందుకు ఆగిందో, కూలి పోతే ఇల్లు ఎలా గడిచేదో, రాసిచ్చిన మందులు ఎన్నాళ్లు కొనగలదో ఆ వరుసలో ఉండదు. ఆపరేషన్‌కు ముందు అంగీకార పత్రంపై ఆమె వేలిముద్ర తీసుకునే హౌస్ సర్జన్‌కు ఆ సంగతులు తెలియకపోతే, ఆ అంగీకారానికి కాగితం మీద తప్ప విలువ లేదు.

డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసిన కేశవరెడ్డి వంటి వైద్యులు తెలుగులో ఉన్నారు. అటువంటి రచనలు, వార్డులో విన్న మాటలను పేర్లు తీసేసి విద్యార్థులే రాసుకున్న కథలు ఎట్‌కామ్ గంటల్లో చదివించాలి. చేసిన పని నమోదు చేసే లాగ్‌బుక్‌లో సంతకం కోసం రాసే నాలుగు వాక్యాలతో ఆ పని జరగదు.