క్రాఫ్టు పీరియడు కథ

టైంటేబుల్లో ‘క్రాఫ్టు’ అని ఉంటుంది. గంట కొట్టాక లోపలికొచ్చేది మాత్రం లెక్కల మాస్టారు. హైస్కూల్లో చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. తప్పు హెడ్మాస్టరు మీదికి నెట్టేయడం తేలికే కానీ, దీని వెనక వందేళ్ల కథ ఉంది.

1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చదువుతో పాటు వడ్రంగం, నేత నేర్పారు. బొమ్మలు గీయడం నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చారు. కుంచె, మగ్గం ఒకే ఆవరణలో ఉన్న చోటు అది. మామూలు హైస్కూళ్లలో అవి కలవనే లేదు. డ్రాయింగు మాస్టారు వేరు, క్రాఫ్టు మాస్టారు వేరు.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ చెప్పింది ఇంకాస్త పెద్ద మాట. చేతిపని ఒక పీరియడు కాదు, దాని ద్వారానే లెక్కలూ చరిత్రా చెప్పాలి. జాకీర్ హుసేన్ కమిటీ అందుకు పాఠ్యప్రణాళిక రాసింది. బడిలో చివరికి తకిలి (నూలు వడికే చిన్న కదురు) తిప్పడం మిగిలింది, దాంతో లెక్కలు చెప్పడం మిగల్లేదు.

అసలు దెబ్బ 1953లో తగిలింది. ఆంధ్ర ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో ఒక పూటే చదువు, రెండో పూట ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని ముఖ్యమంత్రి రాజాజీ పథకం తెచ్చారు. చాకలి బిడ్డ చాకలిగానే ఉండాలా అని పెరియార్, ద్రావిడ పార్టీలు భగ్గుమన్నాయి. ‘కుల విద్య’ అన్న పేరు దానికి అంటుకుంది. 1954లో రాజాజీ దిగిపోయారు, ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ పథకాన్ని ఎత్తేశారు. ఆ కోపం న్యాయమైనదే. బడి చదువే కులవృత్తి నుంచి బయటపడే దారి అనుకున్న ఇంటికి, అదే బడి మళ్లీ మగ్గం చూపిస్తే ఎలా ఉంటుంది?

హైస్కూలు పిల్లలందరికీ ఒక క్రాఫ్టు ఉండాలని, హైస్కూలు చదువు మీద కేంద్రం వేసిన మొదలియార్ కమిషన్ అన్నదీ ఆ రోజుల్లోనే. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1964–66 కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని’ అంది. పేరు ఎంత పొడుగైనా పదో తరగతి పరీక్షలో తెలుగు, లెక్కల సరసన దానికి చోటు దొరకలేదు. మార్కుల్లేని పీరియడు మార్కులున్న సబ్జెక్టుకి అప్పుగా పోతుంది. ఆ అప్పు తిరిగి రాదు.

2009 విద్యాహక్కు చట్టం 6–8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళ, వ్యాయామ, పని విద్యల బోధకులు ఉండాలంది. పార్ట్‌టైం బోధకులు. 2020 జాతీయ విద్యా విధానం పిల్లల్ని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గరికి పంపమంటోంది. ఈసారి సొంత తండ్రి దగ్గరికే అన్న షరతు లేదు, ఎవరి బిడ్డైనా వెళ్లొచ్చు. సంచి లేకుండా, ఆ 6–8 తరగతుల కాలంలోనే ఎప్పుడో ఒకసారి, పది రోజులు.