పొట్లపందిరి, పాము మెదడు

గుంటూరు,
కార్తీక మాసం

చిరంజీవులు బుజ్జికీ, చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

నాగుల చవితినాడు విజయవాడలో పుట్టకు పాలు పోసి వస్తూ బుజ్జి ఫోనులో ఒక మాట అడిగాడు. "పాము అంత పొడుగుంటుంది కదా తాతయ్యా, తోక తొక్కితే తలకు ఎలా తెలుస్తుంది?" పండుగపూట అవేం మాటలని మీ అమ్మ కసిరింది. చలిమిడి నములుతూ అడిగినా ప్రశ్న మంచిదే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కబురు మోసేవి నాడులని మీ పుస్తకంలోనే ఉంటుంది. మన వెన్నెముకలో 33 పూసలైతే, పాముల్లో చాలావాటికి 200 నుంచి 400 దాకా ఉంటాయి. మన వెన్నుపాము నడుము దగ్గరే ఆగిపోతుంది. పాముకు తోకలోకీ సాగుతుంది. ఆరడుగుల జెర్రిపోతులో కబురు అంత దూరమూ రావాలి. కబురు మోసే నాడీకణాల సంగతి మీ మాస్టారు చెబుతారు. వాటిని ఆదుకునే గ్లియా కణాల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, పాఠంలో ఒక్క వాక్యంతో దాటేస్తారు.

మా చిన్నతనంలో దుగ్గిరాల దగ్గర పల్లెలో, కాలువ గట్టు వెంబడి మా నాన్న పొట్లపందిరి వేసేవాడు. సరుగుడు గుంజలు వరసగా పాతి, పైన తీగల అల్లిక. గుంజ మొదలు కాలువ చెమ్మలో ఉండేది. లేత తీగను అరటినారతో గుంజకు చుట్టేవాళ్ళం. కాయ వంకర తిరగకుండా కొసకు పురికొసతో చిన్న రాయి కట్టాలి. ఆ రాళ్ళు ఏరడం నా పని. ఒకరోజు మునిమాపు వేళ పసిరిక పాము ఒకటి కాయల మధ్య కాయలాగే వేలాడుతోంది. మా అక్క కోయబోయింది! ఆమె కేకకు పాము ఎటు పోయిందో, అక్క ఎటు పోయిందో నాకు తెలియలేదు.

పాము మెదడును పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే నాకు ఆ పందిరే గుర్తొస్తుంది. మెదడు లోపల తేటనీటిలాంటి ద్రవం ఉండే సన్నని గదులున్నాయి. అదే కాలువ అనుకోండి. దాని ఒడ్డునే గ్లియా కణం ఒళ్ళు ఉంటుంది. అక్కడినుంచి ఒకే ఒక సన్నని పోగు మెదడు మందమంతా దాటుకుంటూ పై అంచుదాకా పోతుంది. అంచు చేరగానే కొస వెడల్పై పాదంలా ఆనుతుంది. పక్క కణం పాదం దాన్ని ఒరుసుకుని ఉంటుంది. అలా పాదాలన్నీ కలిసి పైన కప్పు అవుతాయి. కాలువ ఒడ్డున పుట్టిన కొత్త నాడీకణం ఈ గుంజను పట్టుకునే తన చోటికి పాకుతుంది.

మీ మెదడులోనూ ఈ గుంజలుండేవి, అమ్మ కడుపులో ఉన్నప్పుడు. కాపు అయ్యాక చాలావాటిని పీకేసినట్టు, అవి రూపం మార్చుకుని చుట్టూ కొమ్మలు వేసిన కణాలయ్యాయి. కంటి వెనక పొరలోనూ, చిన్నమెదడులోనూ మాత్రం కొన్ని అలాంటివి మిగిలాయి. పాముకు అలా కాదు. పెద్దదయ్యాక కూడా దాని మెదడులో గుంజలు నిలిచే ఉంటాయి.

ఇక నార. వెన్నుపాములో కొన్ని గ్లియా కణాలు తమ పొరనే నారగా చేసి నాడీతంతువు, అంటే నాడీకణం నుంచి సాగే పొడుగాటి తీగ, చుట్టూ చుట్ట మీద చుట్ట వేస్తాయి. దాన్ని మైలిన్ అంటారు. అక్కడ ఒక్క కణమే చాలా తీగలకు నార కడుతుంది. వెన్నుపాము బయట, ఒంట్లో పరుచుకున్న నాడుల్లో ఆ పని ష్వాన్ కణాలది. ఒక్కొక్కటి ఒక్క తీగనే పట్టుకుని, దానిలో కొంత మేరకే చుడుతుంది. ఒక కణం చుట్టిన మేరకూ పక్క కణం చుట్టిన మేరకూ మధ్య మిల్లీమీటరులో వెయ్యోవంతు ఖాళీ ఉంటుంది. తోక నుంచి బయలుదేరిన కబురు చుట్టిన చోటును గబుక్కున దాటి, ఖాళీ నుంచి ఖాళీకి గెంతుతున్నట్టు తలకు చేరుతుంది. పొట్లతీగలో గెంతడం ఎక్కడుంది తాతయ్యా అంటారేమో. పందిరి నాది, గెంతిస్తాను.

ఇవన్నీ రంగు పట్టించకపోతే కనిపించవు. 1873లో ఇటలీలో కేమిల్లో గోల్జీ మెదడు ముక్కలను వెండి లవణంలో నానబెట్టాడు. ఏ కొన్ని కణాలకో కొమ్మా రెమ్మా సహా నల్లరంగు పట్టింది, మిగతావి అలాగే ఉండిపోయాయి. ఆ కొన్నిటికే ఎందుకు పడుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అన్నిటికీ పట్టి ఉంటే అంతా నల్లమచ్చే, ఒక్క గుంజా విడిగా తెలిసేది కాదు. గోల్జీకి 1906లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

జెర్రిపోతు కనబడితే కర్ర వెతకకండి. దానికి విషం లేదు, పొలంలో ఎలుకలను అదే తింటుంది. అలాగని ఏ పాము తోకా తొక్కి చూడకండి, ప్రయోగమని చెప్పినా సరే.

మీ బడి ప్రయోగశాలలో కప్ప నాడి స్లైడు ఉందేమో మాస్టారిని అడగండి. నార కట్టే పద్ధతి కప్పకూ పాముకూ ఒకటే. ఆస్మియం రంగు పట్టించినదైతే మైలిన్ నల్లగా ఉంటుంది. ముందు చిన్న లెన్సుతో ఒక్క పోగును ఎంచుకుని, తరవాత పెద్ద లెన్సు తిప్పి దాని వెంటే పొండి. నలుపు ఒకచోట తెగుతుంది, నేను చెప్పిన ఖాళీ అదే. తొందరపడి స్లైడు జరిపారంటే దాటిపోతుంది. చిన్ని బొమ్మ వేసి పంపాలి, బుజ్జి చూసి చెబితే నేను నమ్మను.

ఇట్లు,
తాతయ్య