సుడేటెన్ జర్మన్లు: బెనెష్ ఉత్తర్వుల వెనుక కథ

2013 చెక్ అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి కరేల్ ష్వార్జెన్‌బర్గ్ ఒక టీవీ చర్చలో తన మనసులోని మాట చెప్పారు. 1945లో మన చెక్‌లు దేశంలోని జర్మన్లను వెళ్లగొట్టిన పని ఇవాళ చేసి ఉంటే, నాటి అధ్యక్షుడు బెనెష్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చేదన్నారు. వెంటనే దుమారం రేగింది. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు.

చెక్ ప్రాంతాలైన బోహీమియా, మొరావియా సరిహద్దు కొండల్లో జర్మన్లు 12, 13 శతాబ్దాల నుంచీ ఉన్నారు; సుడేటెన్ జర్మన్లంటే వీళ్లే. 1918లో చెకొస్లొవేకియా ఏర్పడినప్పుడు, ముప్పై లక్షల మందికి పైగా ఉన్న వీళ్లను ఎవరూ ఏమీ అడగకుండానే కొత్త దేశంలో కలిపేశారు. 1930ల మాంద్యంలో వాళ్ల గాజు, బట్టల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ నిరుద్యోగం మీదే సుడేటెన్ జర్మన్ల నాయకుడు కోన్రాడ్ హెన్‌లైన్ పార్టీ ఎదిగింది. 1935లో జర్మన్ ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు దానికే పడ్డాయి. 1938లో మ్యూనిక్ ఒప్పందం ఆ ప్రాంతాన్ని హిట్లర్ చేతిలో పెట్టింది. తర్వాత వచ్చిన ఆక్రమణలో లిడిత్సే గ్రామంలోని మగవాళ్లందరినీ నాజీలు కాల్చి చంపారు. చెక్‌ల కోపానికి కారణం లేదని ఎవరూ అనలేరు.

కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో చూడాలి. 1945 మే చివర్లో, యుద్ధం ముగిశాక, మొరావియాలోని బ్రనో నగరం నుంచి ఆస్ట్రియా సరిహద్దు వైపు ఇరవై వేల మందికి పైగా జర్మన్లను నడిపించారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. దారిలోనూ, పొహొర్జెలిత్సే శిబిరంలోనూ విరేచనాలతో, నీరసంతో ఎందరో చనిపోయారు. ఆగస్టు 2న పోట్స్‌డామ్‌లో అగ్రరాజ్యాలు ఈ తరలింపు 'క్రమబద్ధంగా, మానవీయంగా' సాగాలని ఒప్పుకున్నాయి. అదే రోజు బెనెష్ ఉత్తర్వు జర్మన్ల పౌరసత్వాన్ని రద్దు చేసింది. హిట్లర్‌ను ఎదిరించామని రుజువు చేసుకునే భారం జర్మన్ల మీదే పడింది. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే: నేరం మనిషిది కాకుండా పుట్టుకది అయిపోయింది.

1946లో ఇరవై లక్షల మందికి పైగా జర్మనీకి రైళ్లెక్కారు. ఒక్కొక్కరికి అనుమతించిన సామాను మొదట 30 కిలోలు, తర్వాత 50 కిలోలు. ఇళ్లు, పొలాలు ప్రభుత్వపరమయ్యాయి. మృతులు 15 వేల నుంచి 30 వేల వరకు ఉంటారని చెక్-జర్మన్ ఉమ్మడి చరిత్రకారుల సంఘం అంచనా.

1997లో చెక్ రిపబ్లిక్, జర్మనీ ఉమ్మడి ప్రకటనలో పరస్పరం విచారం తెలిపాయి. 2015లో బ్రనో నగరం కూడా విచారం ప్రకటించింది. అయితే ప్రతీకార చర్యలకు శిక్ష లేకుండా చేసిన 1946 నాటి 115వ చట్టాన్ని ఇంతవరకు రద్దు చేయలేదు.