స్థిర విద్యుత్ బలాల లెక్కలు: మైనస్ గుర్తును ఎక్కడ వాడాలి, ఎక్కడ వదిలేయాలి

ఆవేశాల మధ్య బలం కనుక్కునే లెక్కల్లో సూత్రం తప్పు రాసేవాళ్ళు చాలా తక్కువ. కూలుంబ్ నియమం (రెండు ఆవేశాల లబ్ధాన్ని 9×10⁹ తో గుణించి, దూరం వర్గంతో భాగిస్తే బలం) అందరికీ కంఠతా వచ్చు. అయినా జవాబు తప్పుతుంది, దాంతో "నాకు ఫిజిక్స్ రాదు" అనే దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులు అక్కర్లేదు. తప్పు జరిగేది సాధారణంగా బొమ్మ దగ్గరే: అసలు గీయరు, లేదా గీసి పక్కన పెట్టేస్తారు.

అపోహ: ఆవేశాల గుర్తులతో సహా సూత్రంలో వేస్తే బలం దిశ దానంతట అదే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టేది ఇదే. జవాబు మైనస్ వస్తే ఆకర్షణ, ప్లస్ వస్తే వికర్షణ అన్నమాట నిజమే. కానీ ఆ మైనస్ "ఆకర్షణ" అని మాత్రమే చెబుతుంది, "ఎడమవైపు" అని చెప్పదు. ఎక్స్ అక్షం మీద మైనస్ అంటే ఎడమవైపు. ఒకే గుర్తుకు రెండు అర్థాలు కలిపేసిన చోటే లెక్క చెడుతుంది.

ఒక లెక్క చూడండి. ఒకే గీత మీద ఎడమ నుంచి కుడికి +2, −3, +4 మైక్రోకూలుంబ్‌ల (మైక్రో అంటే 10⁻⁶) ఆవేశాలున్నాయి. మొదటి రెంటి మధ్య దూరం 30 సెం.మీ., తర్వాతి రెంటి మధ్య 20 సెం.మీ. మధ్య ఆవేశం మీద ఫలిత బలమెంత?

గుర్తులు వేసి చేస్తే −0.6, −2.7 వస్తాయి. రెండూ కూడి "3.3 న్యూటన్లు, ఎడమవైపు" అని రాసేస్తారు. పరిమాణమూ తప్పు, దిశా తప్పు.

ఇప్పుడు బొమ్మతో చేద్దాం. మధ్య ఆవేశాన్ని ఒక్కదాన్నే చుక్కగా పెట్టండి. ఎడమనున్న ప్లస్ దీన్ని తనవైపు లాగుతుంది కాబట్టి చుక్క నుంచి ఎడమకు ఒక బాణం. కుడినున్న ప్లస్ కూడా తనవైపే లాగుతుంది, కాబట్టి కుడికి ఇంకో బాణం. బాణం తోక ఎప్పుడూ బలాన్ని అనుభవించే ఆవేశం మీదే ఉండాలి. గుర్తుల పని ఇక్కడితో అయిపోయింది. ఇక సూత్రంలో పరిమాణాలే వేయాలి. 9×10⁹ × 2×10⁻⁶ × 3×10⁻⁶ ను 0.3 వర్గంతో భాగిస్తే 0.6 న్యూటన్లు. 9×10⁹ × 3×10⁻⁶ × 4×10⁻⁶ ను 0.2 వర్గంతో భాగిస్తే 2.7 న్యూటన్లు. బాణాలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి తీసివేత: 2.1 న్యూటన్లు, కుడివైపు.

మూడు ఆవేశాలకూ కలిపి ఒకే బొమ్మ గీయకండి. అలా గీస్తే ఆరు బాణాలవుతాయి, ఏది ఎవరి మీదిదో తేలదు. ఒక ఆవేశం, ఒక బొమ్మ.

అపోహ: పెద్ద ఆవేశం చిన్నదాని మీద ఎక్కువ బలం చూపిస్తుంది.

కాదు. ఒకదాని మీద ఇంకోటి చూపే రెండు బలాలూ సమానం, దిశలు వ్యతిరేకం. సూత్రంలో ఉన్నది రెండు ఆవేశాల లబ్ధం, దాన్ని ఎటునుంచి చూసినా ఒకటే. ఈ అపోహ బయటపడేది దారాలకు వేలాడే గోళీల లెక్కలో. ఒకే బిందువు నుంచి 50 సెం.మీ. దారాలతో 10 గ్రాముల గోళీలు రెండు వేలాడుతున్నాయి. ఒకదానికి 1, రెండోదానికి 3 మైక్రోకూలుంబ్‌ల ఆవేశమిస్తే, ఎక్కువ ఆవేశమున్నది ఎక్కువ దూరం జరుగుతుందనుకుంటారు. కాదు. ద్రవ్యరాశులు సమానం కాబట్టి రెండు దారాలూ నిలువుతో ఒకే కోణం (తీటా) చేస్తాయి.

ఒక గోళీకి బొమ్మ గీయండి. కిందికి భారం, దారం వెంట పైకి తన్యత (దారం లాగే బలం), అడ్డంగా బయటికి వికర్షణ బలం. బాణాలు ఈ మూడే. తన్యతను అంశాలుగా విడగొడితే దాని నిలువు అంశం భారానికి, అడ్డం అంశం వికర్షణకు సమానం. కాబట్టి టాన్ తీటా అంటే వికర్షణను భారంతో భాగిస్తే వచ్చేదే. గోళీల మధ్య 60 సెం.మీ. ఉంటే సైన్ తీటా 0.6, టాన్ తీటా 0.75. గురుత్వ త్వరణం 10 తీసుకుంటే భారం 0.1 న్యూటన్, వికర్షణ 0.075 న్యూటన్, తన్యత 0.125 న్యూటన్. కూలుంబ్ నియమంతో సరిచూసుకోండి, అదే 0.075 వస్తుంది. ఇక్కడ జారిపోయే చోటొకటుంది: సైన్ తీటా కోసం సగం దూరం 30 సెం.మీ. వాడి, అదే సగాన్ని కూలుంబ్ నియమంలోనూ వేసేస్తారు. అందులో వేయాల్సింది పూర్తి 60. సగం వేస్తే బలం నాలుగింతలవుతుంది.

మిగతావి క్లుప్తంగా.

మధ్యలో ఇంకో ఆవేశముంటే అవతలిదాని బలం ఆగిపోతుందనేది ఉత్తమాట. ప్రతి జంట బలమూ మిగతావాటితో సంబంధం లేకుండా ఉంటుంది. విడివిడిగా కనుక్కుని సదిశలుగా, అంటే దిశలతో సహా, కూడాలి.

సమబాహు త్రిభుజం మూలల్లో సమాన ఆవేశాలుంటే ఒకదాని మీద ఫలిత బలం ఒక్కో బలానికి రెండింతలు కాదు. రెండు బాణాల మధ్య 60 డిగ్రీలుంటాయి కాబట్టి √3 రెట్లు. భుజం 10 సెం.మీ., ఆవేశాలు 1 మైక్రోకూలుంబ్ అయితే ఒక్కో బలం 0.9, ఫలితం సుమారు 1.56 న్యూటన్లు.

"గురుత్వ బలం ఎప్పుడూ వదిలేయొచ్చు" అనడమూ సరికాదు. ప్రోటాన్, ఎలక్ట్రాన్ మధ్య విద్యుత్ బలం గురుత్వ బలానికి దాదాపు 10³⁹ రెట్లు కాబట్టి అక్కడ వదిలేస్తాం. వేలాడే గోళీని కిందికి లాగేది భూమి. ఆ బాణం గీయకపోతే లెక్క ముందుకే సాగదు.